క్రంపెట్ల పెనం దగ్గర రెండో మనిషి

పాల్మాకుల, శంషాబాద్ దగ్గర
ఆదివారం మధ్యాహ్నం

అక్కకు,

నీ చెల్లెలు సుగుణ రెండు చేతులూ జోడించి రాస్తున్నది. నేనిక్కడ బాగున్నాను. ఒళ్ళు బాగుంది, మనసు ఇంకా బాగుంది. అక్కడ మీరెలా ఉన్నారో "అందరం మంచిగనే ఉన్నం" అని ఒక్క ముక్కలో తేల్చేయకుండా ఒక్కొక్కరి సంగతి విడివిడిగా రాయి. అన్నకు షుగరు తగ్గిందా? వదిన మోకాలికి ఆ నూనె పనిచేస్తోందా? ఎర్రావు ఈనిందా? నువ్వు వేళకు తింటున్నావా?

ఫోను ఉండగా ఉత్తరమేమిటి, దీనికి పిచ్చిపట్టిందా అనుకుంటావు. ఫోను అన్న చేతిలో ఉంటుంది. అన్న స్పీకరు పెడతాడు. నేను నిన్ను అడిగితే అన్న జవాబు చెబుతాడు, వదిన దాన్ని సరిదిద్దుతుంది, నువ్వు పక్కన కూర్చుని "ఊఁ" అంటావు. ఈసారి నేను అడగబోయేదానికి నాకు ఆ "ఊఁ" వద్దు. అందుకే కాగితం కొనుక్కొచ్చి మరీ రాస్తున్నాను. నిన్ను ఇక్కడికి, నా పక్కకు, పనికి రమ్మని పిలుస్తున్నాను. ఎందుకు పిలుస్తున్నానో, ఏం పనో మొదటినుంచీ చెబుతాను. మధ్యలో కాగితం మడిచి పక్కన పెట్టావంటే నా మీద ఒట్టు.

నేను ఎయిర్‌పోర్టు పక్క హోటల్లో గిన్నెలు కడిగే పనిలో చేరానని నీకు తెలుసు. అక్కడ పొద్దుటి టిఫిన్లకు పెద్ద, ప్రసాద్ గారు. తణుకు వైపు మనిషి. అందరినీ గారు పెట్టి పిలుస్తారు, గారు పెట్టే తిడతారు. ఓ రోజు జొన్నరొట్టె చేసే ఆవిడ రాకపోతే నేను చేస్తానని ముందుకెళ్ళాను. నా చేతిలో రొట్టె తిరగడం చూసి, "సుగుణ గారూ, మిమ్మల్ని ఇన్నాళ్ళు సింకు దగ్గర ఎవరు నిలబెట్టారండీ?" అన్నారు. "మీరేనండీ" అన్నాను. ఆ వారమే నన్ను పెనం దగ్గరికి మార్చారు. ఇంతవరకు ఫోనులో చెప్పాను. ఆ పెనం మీద ఏం చేస్తున్నానో మాత్రం చెప్పలేదు, ఎందుకంటే చెబితే అన్న నవ్వుతాడు.

క్రంపెట్లు చేస్తున్నానక్కా! ఇంగ్లండువాళ్ళ టిఫిను. అరచేతంత వెడల్పు, వేలెడు మందం, గుండ్రంగా ఉంటుంది. మైదాపిండిలో ఈస్టు, కొంచెం చక్కెర, ఉప్పు వేసి గోరువెచ్చటి పాలూ నీళ్ళతో కలిపి పొంగనివ్వాలి. తర్వాత వంటసోడా నీళ్ళు కలిపి, పెనం మీద పెట్టిన స్టీలు రింగుల్లో పోయాలి. సన్నటి మంట. కింద ఎర్రగా కాలుతుంటే పైన బుడగలు లేచి పగిలి, పైభాగమంతా సన్న బొక్కలు పడాలి. ఆ బొక్కలే అసలు సంగతి. వెన్న పెడితే కరిగి వాటిల్లోకి దిగుతుంది, కొరికితే మళ్ళీ నోట్లోకి ఊరుతుంది. బొక్కలు లేని క్రంపెట్ ఉత్త పిండిముద్ద.

నాకు రెండు వారాలు ఆ ఉత్త పిండిముద్దలే వచ్చాయి. పైన నున్నగా, గుండులాగా. ప్రసాద్ గారు రోజూ వచ్చి చూసి, "ఊఁ" అని వెళ్ళిపోయేవారు. ఇంగ్లండు నుంచి రిటైరైన టీచర్ల గుంపు ఒకటి రాబోతోంది, పన్నెండు రోజులు మన హోటల్లో దిగుతారు, వాళ్ళు మెచ్చితే పొద్దున పూట క్రంపెట్ల కౌంటరు ఎప్పటికీ ఉంటుంది, దాని మీద ఇద్దరు ఆడవాళ్ళుంటారు అని ఆయన ముందే చెప్పారు. మెచ్చకపోతే ప్యాకెట్లలో గడ్డకట్టినవి తెప్పించి వేడిచేసి పెడతారు, నేను మళ్ళీ సింకు దగ్గరికే. ఇద్దరు అన్న మాట విన్న క్షణమే రెండో మనిషి ఎవరో నా మనసులో ఖాయమైపోయింది. పేరు పైకి అనలేదు, అంతే.

ఇప్పుడు నేను చేసిన ఘనకార్యం విను. ఓ పొద్దున బొక్కలు ఎంతకీ పడకపోతే ఏం తోచలేదు. సర్వపిండికి మనం ఏం చేస్తాం? గిన్నెకు అద్ది, వేలితో బొక్కలు పొడిచి, వాటిల్లో నూనె పోస్తాం. చెయ్యి దానంతట అదే వెళ్ళింది. నలభై క్రంపెట్లకు వేలు తడుపుకుని వరసగా పొడిచేశాను. నడుమ ఒకటి, చుట్టూ ఆరు. చూడముచ్చటగా ఉన్నాయనుకుని ట్రేలో పేర్చాను కూడా.

ప్రసాద్ గారు ఒకటి తీసుకుని వెలుతురుకు పట్టి చూశారు. తన వేలు ఒక బొక్కలో పెట్టి చూశారు. సరిగ్గా పట్టింది. "సుగుణ గారూ, ఇవి పడ్డ బొక్కలా, పెట్టిన బొక్కలా?" అన్నారు. నేను తలదించుకుని "పెట్టినవేనండీ" అన్నాను. వంటగది మొత్తం పగలబడి నవ్వింది. ఆయన నవ్వలేదు. "టీచర్లు వచ్చేది వచ్చే మంగళవారం అండీ" అని మాత్రం అన్నారు.

ఆ రోజే నీకు ఫోను చేశాను. నీకు గుర్తుందో లేదో, నాకు మాత్రం ప్రతి మాటా గుర్తుంది. నువ్వు హాస్టలు వంట మానేసినప్పటి నుంచి, మానేసినప్పటినుంచి ఏమిటి, కాంట్రాక్టువాళ్ళు వచ్చి నిన్ను ఇంటికి పొమ్మన్నప్పటి నుంచి, నీ గొంతులో ఉప్పు లేదక్కా. ఇరవై ఏళ్ళు మూడు వందల మంది పిల్లలకు వండినదానివి, ఇప్పుడు వదిన ఇంత వండి పెడితే చాలన్నట్టు అరుగు మీద కూర్చుంటున్నావు. దోశ పోయమన్నా "వదిన పోస్తది తీ" అంటున్నావట. వదిన చెప్పింది, బాధపడుతూనే చెప్పింది. అలాంటిది ఆ రోజు నేను పిండి సంగతి ఎత్తగానే నువ్వు అన్న చేతిలోంచి ఫోను లాక్కున్నావు.

"పిండి గరిటెల నుంచి ఎట్ల పడుతున్నది? ముద్దలు ముద్దలు పడుతున్నదా, తెగకుంట జారుతున్నదా?"

"ముద్దగానే పడుతున్నదక్కా."

"గదే నీ పరేషాన్. రొట్టెల చెయ్యి నీది, గట్టిగ కలుపుతవ్. బుడగ పైకి ఎట్లొస్తది, దానికి తొవ్వ ఉండొద్దా? జర గోరెచ్చని నీళ్ళు పోసి జారుడు చెయ్యి. ఒక్కటే పోసి చూడు ముందుగాల. మొత్తం పాడుచేసుకోకు."

"మంట?"

"పెనం మీద నీళ్ళు చిలకరిస్తే ఏమైతున్నయ్?"

"వెంటనే ఎగిరిపోతున్నాయి."

"మస్తు కాలుతున్నది. తగ్గియ్యి. కిందికెల్లి మాడితే పైన పచ్చిగనే ఉంటది, బుడగ ఆడనే సస్తది. ఏం తొందరే నీకు?"

ఆ క్రంపెట్‌ను నువ్వు ఎన్నడూ చూడలేదు, పేరు కూడా నోరు తిరగలేదు నీకు. అయినా ఇంత దూరం నుంచి దాని రోగం చెప్పేశావు. చివర్లో "పోసినంక ఏమైందో చెప్పు, నిద్రపట్టదు నాకు" అన్నావు. ఆ మాటకే నేను బాత్రూములోకి వెళ్ళి ఏడ్చాను. నా పిండి బాగుపడుతుందని కాదు. నా అక్క గొంతు మళ్ళీ విన్నానని.

మర్నాడు నువ్వు చెప్పినట్టే ఒక్కటి పోశాను. రెండు నిమిషాలు ఏమీ లేదు. తర్వాత అంచున ఒక బుడగ. పక్కన ఇంకోటి. ఆ తర్వాత చూస్తుండగానే మొత్తం చిటపటా విచ్చుకుంది! నేను అరిచిన అరుపుకు గుడ్ల కౌంటరు అబ్బాయి గరిటె జారవిడిచాడు. ప్రసాద్ గారు వచ్చి చూసి, ఫ్రిజ్‌లోంచి వెన్నముక్క తెచ్చి దాని మీద పెట్టారు. ఇద్దరం నిలబడి కరగడం చూశాం. సగం నాకు విరిచి ఇచ్చారు. కింద కరకర, లోపల మెత్తన, వెన్న మణికట్టు దాకా కారింది. అక్కా, నువ్వు ఉండాల్సింది.

ఇక దాని మీద ఏం వేసుకోవాలన్నది పెద్ద లోకం. వాళ్ళు వెన్న, తేనె, నారింజ తొక్కలతో చేసే చేదు జాము, చీజు వేసుకుంటారు. ఆ చేదు జాము మొదట నాకు మందులా అనిపించింది, మూడోసారికి చెంచా నాకాను. నేను పాల్మాకుల గదికి రెండు పట్టుకొచ్చి మా ఇంటి యజమానురాలు సత్తెమ్మకు పెట్టాను. సత్తెమ్మ వాళ్ళది ఇక్కడ తాతలనాటి వ్యవసాయం. ఇంటి మీంచి విమానం పోతుంటే వాళ్ళ బర్రె తల కూడా ఎత్తదు. ఆమె దాన్ని తిప్పి తిప్పి చూసి, "ఏందే గిది, గిన్ని బొక్కలున్నయ్? పురుగు తిన్నదా?" అంది. మంఖాల్ నుంచి వాళ్ళ చెల్లెలు పంపిన వెన్న పూసి, మీద ఇంత బెల్లం పాకం పోసి, వేయించిన నువ్వులు చల్లి ఇచ్చాను. తిని కొంగుతో మూతి తుడుచుకుని, "ఇంకోటి ఉన్నదా?" అంది. రెండోది తనే మీగడ, చింతకాయ తొక్కు వేసుకుని తింది. అదీ అదిరింది. పల్లి తొక్కు కూడా బాగుంటుంది. గోంగూర మాత్రం కొంచెమే వేయాలి, బొక్కల్లో పులుపు నిలిచిపోతుంది. పోయిన ఆదివారం సత్తెమ్మ కొడుకు ఖీమా పెట్టుకుని తిన్నాడు. నేను నీచు మానేశాను కదా, చూడనట్టు తల తిప్పుకున్నాను గానీ నోరూరింది.

ఇంతవరకు బాగానే ఉంది. మంగళవారం టీచర్లు దిగారు. పదహారు మంది, అందరూ పెద్దవాళ్ళు. బుధవారం పొద్దున నా కౌంటరు ముందుకు మొదట వచ్చింది ఒక తెల్లజుట్టు ఆవిడ. సన్నగా, నీలం స్వెట్టరు వేసుకుని ఉంది. క్రంపెట్ వడ్డించి, దానిపై కరిగిన నెయ్యి వేయడం మొదలుపెట్టాను. నెయ్యి పెడదామని ప్రసాద్ గారే అన్నారు. ఒక చెంచా వేశాను. ఆవిడ "థాంక్యూ" అంది, ప్లేటు అలాగే చాచి ఉంచింది. ఇంకో చెంచా వేశాను. "థాంక్యూ" అంది, ప్లేటు అలాగే ఉంది. మన ఇంట్లో వడ్డించేటప్పుడు తినేవాళ్ళు విస్తరికి చెయ్యి అడ్డం పెట్టాలి కదా. అడ్డం పెట్టనిదే ఆపితే లోభి అనరూ? ఆవిడ చెయ్యి అడ్డం పెట్టదు, నేను ఆపను. నేను వేస్తున్నంతసేపు ప్లేటు వెనక్కి తీసుకోవడం మర్యాద కాదని ఆవిడ, ఆవిడ ప్లేటు చాచినంతసేపు ఆపడం మర్యాద కాదని నేను. ఏడు చెంచాలు పడ్డాయి. క్రంపెట్ తేలింది. నెయ్యి ప్లేటు అంచు దాటి ఆవిడ స్వెట్టరు చేతి మీదికి కారింది.

ప్రసాద్ గారు పరుగెత్తుకొచ్చారు. ఆవిడకు క్షమాపణ చెప్పి పంపించి, నావైపు తిరిగి, "సుగుణ గారూ, టిఫిను పెడుతున్నారా, తలంటు పోస్తున్నారా?" అన్నారు. ఆ పూట నన్ను సింకు దగ్గరికి పంపేశారు. సాయంత్రం హోటలు వ్యానులో, రావిర్యాలలో దిగే అమ్మాయి నా పక్కన కూర్చుని "ఏమైందక్కా, గట్ల ఉన్నవ్?" అని అడుగుతూనే ఉంది, నేను కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నాను. నా చోటు పోయిందని కాదు, గిన్నెలు కడగడం నాకు చిన్నతనమేమీ కాదు. రెండో చోటు పోయిందనే ఏడ్చాను. నీ పేరు ఇంకా ఎవరికీ చెప్పకముందే పోగొట్టాను కదా అని.

గురువారం పొద్దున గిన్నెల్లో చేతులు పెట్టి ఉన్నాను. ప్రసాద్ గారు తలుపు దగ్గర నిలబడి, "నిన్నటి నెయ్యి చెంచా ఆవిడే కావాలట, రండి" అన్నారు. చేతులు తుడుచుకుని వెళ్ళి చూస్తే అదే తెల్లజుట్టు ఆవిడ, అదే స్వెట్టరు, చేతి మీద మరక. ప్లేటు చాచింది. నేను భయపడుతూ ఒక చెంచా వేశాను. రెండోది వేశాను. మూడోది వేయగానే ఆవిడ ఎడమ చెయ్యి ప్లేటుకు అడ్డంగా పెట్టింది! సరిగ్గా మన పెద్దమ్మ పెట్టినట్టు, అరచెయ్యి కిందికి చేసి. పెట్టి, కొంటెగా నా మొహంలోకి చూసింది. ముందురోజు టీలు అందించే ఇమ్రాన్‌ను అడిగి మన పద్ధతి కనుక్కుందట. నాకు నవ్వు ఆగలేదు. అయినా అలవాటు పోతుందా, వేళ్ళ పక్కనుంచి ఇంకో అర చెంచా జార్చాను. ఆవిడ గట్టిగా నవ్వింది, ప్రసాద్ గారు కూడా నవ్వారు. ఆయన పళ్ళు చూడటం నాకు అదే మొదటిసారి.

నువ్వేం వేసుకుని తింటావని ఆవిడ ఇమ్రాన్ చేత అడిగించింది. నేను ప్రసాద్ గారి వైపు చూశాను. ఆయన కళ్ళతోనే కానివ్వమన్నారు. బెల్లం పాకం, నువ్వులు వేసి ఇచ్చాను. ఆవిడ వెళ్ళి ఇంకో ముగ్గురిని తీసుకొచ్చింది. శనివారానికి పదహారు మందీ చెయ్యి అడ్డం పెట్టడం నేర్చుకున్నారు. ఒక ముసలాయన మాత్రం కావాలనే పెట్టడు. చేదు జాము మీద పల్లి తొక్కు వేసుకుని తినే మనిషి, ఆయనకేం చెప్తాం? క్రంపెట్ మిగిలితే మర్నాడు నిప్పు మీద మళ్ళీ కాల్చి తినాలని, అప్పుడే అసలు రుచి అని వాళ్ళు నాకు చెప్పారు. నిజమే, అంచులు పేలాల్లాగా అవుతాయి.

పన్నెండో రోజు వాళ్ళు వెళ్ళిపోయారు. మొన్న శుక్రవారం ప్రసాద్ గారు నన్ను పిలిచి, "ప్యాకెట్లు వద్దనేశానండీ. కౌంటరు ఉంటుంది. రెండో మనిషి కావాలి, మీ ఎరుకలో చెయ్యి తిరిగినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అన్నారు. మా అక్క ఉంది అన్నాను. బుడగల సంగతి మొత్తం చెప్పాను. ఆయన అంతా విని, "చూడకుండానే చెప్పారా? ఫోనులో?" అని రెండుసార్లు అడిగారు. తర్వాత "ఆవిడ వస్తానన్నారా మరి?" అన్నారు.

అన్నది అని చెప్పేశాను అక్కా. అబద్ధమే. నోట్లోంచి వచ్చేసింది. ఆయన వెంటనే వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి డ్యూటీ కాగితంలో నా పేరు కింద నీ పేరు రాశారు. ఇంటిపేరు అడిగి మరీ, అందంగా.

ఇంగ్లీషు రాదంటావు. నాకు వచ్చా? ఆవిడ థాంక్యూ అంటే ఇక చాలని అర్థమని తెలియకనే కదా ఏడు చెంచాలు పోశాను. యాభై దాటింది, ఈ వయసులో ఏమిటంటావు. నిలబడే పని కష్టమని ప్రసాద్ గారు ఎత్తు పీట ఒకటి చూస్తానన్నారు. ఉండటానికి నా గది ఉంది, గాలి వస్తుంది, సత్తెమ్మకు నీ కబురు ముందే చెప్పాను. "తోలుకరా, ఇద్దరు మనుషులుంటేనే ఇల్లు" అంది. అన్న ఒప్పుకోడంటావు. అన్నను నాకు వదిలెయ్యి, నేను వదినకు వేరే ఉత్తరం రాస్తాను, ఆ ఇంట్లో ఎవరి మాట నెగ్గుతుందో మనకు తెలియదా? నువ్వు నెలలో నాలుగు రోజులు ఊరికి పోయి వస్తుండొచ్చు. వచ్చేటప్పుడు మన చేని నువ్వులు ఓ రెండు శేర్లు, నీ చేత్తో దంచిన కారం, పాత నేత చీర ముక్కలు నాలుగు పట్టుకురా. ఇక్కడి గుడ్డలు వేడి పెనం పట్టుకోవడానికి పనికిరావు.

పెద్దమ్మకు నా దండాలు చెప్పు. అన్నకూ వదినకూ కాళ్ళు మొక్కుతున్నానని చెప్పు. వదినతో నా పెళ్ళి సంబంధాల మాట ఇప్పుడే ఎత్తవద్దని కూడా చెప్పు, చేతినిండా పని ఉంది. పిల్లలకు ముద్దులు. నా గురించి ఎవ్వరూ దిగులు పడవద్దు. తింటున్నాను, పడుకుంటున్నాను, చలికి స్వెట్టరు కొనుక్కున్నాను. ఆదివారం మధ్యాహ్నాలు మాత్రం ఒక్కదాన్నే కూర్చుని తినడం బాగుండదు, అది దాచను.

నీకు నిజంగా రావాలని లేకపోతే అన్నతో చెప్పించకు, వయసు మీదా మోకాళ్ళ మీదా వేయకు. నువ్వే ఫోను చేసి, "చెల్లే, నాకు వంట చెయ్యాలని లేదు" అని నీ నోటితో ఒక్కసారి అను. ఆ మాట అన్నావంటే ప్రసాద్ గారి దగ్గరికి నేనే వెళ్ళి అబద్ధమాడానని ఒప్పుకుని, నీ పేరు కొట్టేయించి వస్తాను, మళ్ళీ ఎప్పుడూ అడగను. కానీ ఆ మాట నువ్వు అనలేవక్కా.

నీ దీవెన తలమీద పెట్టుకుని బతికే
నీ చెల్లెలు
సుగుణ